సీటు కోసం బాప్తిస్మం: ఆ ఏజెంటు మాట వినొద్దు

ప్రశ్న: అన్నా, మాది టంగుటూరు దగ్గర పల్లె. పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్ కౌలుకి తీసుకుని పొగాకు చేస్తుంటాను. మేము ఎస్సీలం, సర్టిఫికెట్‌లో హిందూ అనే ఉంది. నా భార్య పెళ్ళికి ముందే బాప్తిస్మం తీసుకుంది. నేను తీసుకోలేదు గానీ ఆదివారం అందరం చర్చికి పోతాం. మా పాపకి పదిహేడేళ్ళు, ఇంటర్‌లో 931 వచ్చాయి. పక్క రాష్ట్రంలో క్రైస్తవ సంస్థ నడిపే డీమ్డ్ యూనివర్సిటీలో బీఎస్సీ సైకాలజీ చదువుతానని పట్టుబట్టింది. దరఖాస్తులో మతం, సంఘం పేరు, బాప్తిస్మం తేదీ రాయమన్నారు, పాస్టర్ లెటర్ జత చెయ్యమన్నారు. పాపకి ఇంకా బాప్తిస్మం కాలేదు. ఒంగోలులో ఒక ఏజెంటు "వచ్చే ఆదివారం ఇప్పించెయ్యండి, క్రిస్టియన్ కోటాలో సీటు గ్యారంటీ, ఎస్సీ సర్టిఫికెట్ కూడా పెట్టండి, స్కాలర్‌షిప్ వస్తుంది, ఎవరు చూస్తారు" అంటున్నాడు. పైగా అక్కడ రోజూ ప్రార్థనలో కూర్చోవాలంట, పాపకి అదో టెన్షన్. 25 వేలు కట్టి ఒరిజినల్స్ ఇచ్చెయ్యమంటున్నారు. ఏం చెయ్యమంటారు?

సమాధానం:

అన్నా, ఆ ఏజెంటు చెప్పినట్టు చేస్తే సీటు వస్తుందో రాదో నేను చెప్పలేను గానీ, పాప ఎస్సీ సర్టిఫికెట్ మాత్రం చిక్కులో పడుతుంది, అదీ ఇప్పుడు కాదు, రేపు ఉద్యోగం వచ్చి చేరబోయే రోజున. బాప్తిస్మం కాగితం, హిందూ ఎస్సీ కాగితం రెండూ ఒకే మనిషి పేరు మీద ఒకే ఫైల్లో ఉండకూడదు. "ఎవరు చూస్తారు" అన్నాడు చూడండి, చూసేవాళ్ళు ఉంటారు. పాపతో పాటు అదే పోస్టుకి పోటీ పడి ఒక్క మార్కులో పోగొట్టుకున్నవాడు చూస్తాడు.

1950లో వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా అని ఒకటుంది. హిందువులు కానివాళ్ళని ఎస్సీలుగా లెక్కపెట్టరు అని మొదట రాశారు, తర్వాత 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ అందులో లేరు. ఇది న్యాయమేనా అని మీరు అడగలేదు, అడిగినా నా దగ్గర చిన్న జవాబు లేదు. ఆదివారం ఎక్కడికి పోతున్నాడన్న దాన్ని బట్టి పల్లెలో ఇల్లు మారదు, పిలిచే పిలుపు మారదు, మరి కులం మాత్రం ఎట్లా పోతుంది అని అడిగేవాళ్ళ మాటలో నాకైతే బలం కనిపిస్తుంది. దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చమని మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2023 మార్చిలో తీర్మానం చేసి పంపింది, అంతకుముందు 2022లో కేంద్రం ఈ సంగతి తేల్చడానికి మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్‌తో కమిషన్ వేసింది. అవన్నీ ఉన్నాయి, కానీ తీర్మానం చూపించి ఎవరూ సీటు తెచ్చుకోలేరు. పాప భవిష్యత్తు చట్టం ఇవాళ ఎట్లా ఉందో దాన్ని బట్టి చూసుకోవాలి.

ఆ చట్టం కోర్టులో ఎట్లా పని చేస్తుందో తెలియాలంటే పుదుచ్చేరి కేసు ఒక్కటి చాలు. అది మీ ఇంటి కథకి చాలా దగ్గర. తండ్రి హిందూ ఎస్సీ, తల్లి క్రైస్తవురాలు, అమ్మాయికి పుట్టిన రెండు నెలల్లోపే చర్చిలో బాప్తిస్మం అయింది. పెద్దయ్యాక క్లర్క్ పోస్టుకి ఎస్సీ కోటాలో రాసింది. సర్టిఫికెట్ కోసం పోతే విచారణ జరిగింది, బాప్తిస్మం రిజిస్టర్ బయటికొచ్చింది, కేసు కింది నుంచి పై దాకా నడిచి 2024 నవంబర్ 26న సుప్రీంకోర్టులో తేలింది. మనసులో ఒక మతాన్ని పాటిస్తూ రిజర్వేషన్ కోసం మాత్రమే ఇంకో మతం పేరు చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమేనని కోర్టు అనేసింది. ఆ అమ్మాయికి ఊహ తెలియని వయసులో అయిన బాప్తిస్మమే అంత దూరం తీసుకెళ్ళిందంటే, మీ పాపకి పదిహేడేళ్ళ వయసులో తేదీ వేసి, పాస్టర్ సంతకంతో, సీటు దరఖాస్తుకి జత చేసిన బాప్తిస్మం గురించి ఇక చెప్పేదేముంది. 2025లో మన రాష్ట్ర హైకోర్టు కూడా గుంటూరు వైపు ఒక పాస్టర్ పెట్టిన అట్రాసిటీ కేసులో మతం మారితే ఎస్సీ హోదా నిలవదు అనే చెప్పింది. తప్పుడు కుల ధృవీకరణ మీద 1993లో మన రాష్ట్రం చేసిన చట్టం ఉంది, దాని కింద కలెక్టర్ సర్టిఫికెట్ రద్దు చెయ్యొచ్చు, జైలు, జరిమానా కూడా ఉన్నాయి. ఇదంతా ముందు చుట్టుకునేది ఏజెంటు మెడకి కాదు. సంతకం మీదీ పాపదీ.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇవాళ్టికి పాప సర్టిఫికెట్ నిజమైనదే. తండ్రి హిందూ ఎస్సీ, పాపకి బాప్తిస్మం కాలేదు. ఆదివారం చర్చిలో కూర్చోవడం వేరు, సంఘం రిజిస్టర్‌లో పేరెక్కడం వేరు. అయితే ఇంట్లో ఉన్న పదో తరగతి టీసీ, ఇంటర్ టీసీ ఒకసారి తీసి మతం అన్న గడిలో ఏముందో చూడండి. చాలా బళ్ళలో చేర్చుకునేటప్పుడు సారు తనకి తోచింది రాసేస్తాడు, అమ్మ పేరు మేరీ అనో రూతమ్మ అనో ఉంటే క్రిస్టియన్ అని కొట్టేస్తాడు. ఒక కాగితంలో హిందూ, ఇంకో దాంట్లో క్రిస్టియన్ ఉంటే ఇప్పుడే సరిచేయించుకోవడం మేలు, ఉద్యోగం వెరిఫికేషన్‌లో బయటపడితే పరుగులు పెట్టాల్సొస్తుంది. ఇంకో మాట, మీ ఆవిడ పేరు మీద ఎస్సీ కోటాలో ఉద్యోగమో లోనో ఏదైనా ఉంటే అది వేరే చిక్కు. దాన్ని నేను ఇక్కడ కదిలించను, ఒంగోలులో నమ్మకమైన లాయర్ దగ్గర కూర్చుని మాట్లాడుకోండి.

ఇక యూనివర్సిటీ సంగతి. మతం అడగడం వాళ్ళ తప్పేమీ కాదు, అది వాళ్ళ హక్కు. రాజ్యాంగం 30వ అధికరణం మతపరంగానో భాషాపరంగానో మైనారిటీ అయినవాళ్ళకి సొంత విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. 1992లో ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కాలేజీ కేసులో, ప్రభుత్వ ఎయిడ్ తీసుకుంటున్నా సరే, తమ వాళ్ళకి సగం వరకు సీట్లు ఉంచుకోవచ్చు అన్నారు. 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండు మంది జడ్జీలు కూర్చుని, ఎయిడ్ తీసుకోని సంస్థకి ఇంకా ఎక్కువ స్వేచ్ఛ ఉంటుందని, కానీ చేర్చుకునే పద్ధతి మాత్రం పారదర్శకంగా, మెరిట్ మీద ఉండాలని తేల్చారు. 2005లో ఇనాందార్ కేసులో క్యాపిటేషన్ ఫీజు, అంటే సీటిచ్చినందుకు ఫీజు మీద అదనంగా గుంజే డబ్బు, కుదరదన్నారు. కాబట్టి "సంఘానికి కానుక", "బిల్డింగ్ ఫండ్" అని సీటుకి ముడిపెట్టి ఎవరైనా డబ్బు అడిగితే అది కానుక కాదని మీరే అర్థం చేసుకోండి.

బోర్డు మీద సెయింట్ అనో, క్రిస్టియన్ అనో ఉన్నంత మాత్రాన మైనారిటీ సంస్థ అయిపోదు. 2004లో వచ్చిన చట్టం కింద జాతీయ మైనారిటీ విద్యాసంస్థల కమిషన్ ఉంది, అదో రాష్ట్ర ప్రభుత్వమో ఇచ్చిన మైనారిటీ హోదా కాగితం ఉండాలి. వాళ్ళ ప్రాస్పెక్టస్‌లో ఉంటుంది, లేకపోతే మెయిల్ పెట్టి అడగండి, సిగ్గుపడాల్సిన పని లేదు. ఈ హోదా గొడవ ఎంత దూరం పోతుందంటే, అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ మైనారిటీ సంస్థ కాదని 1967లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పుని మళ్ళీ సుప్రీంకోర్టే 2024 నవంబర్‌లో ఏడుగురు జడ్జీలతో, నలుగురు ఒకవైపు ముగ్గురు ఒకవైపు చీలి, పక్కన పెట్టింది.

ఏజెంటుకి తెలియనిదో, తెలిసీ చెప్పనిదో ఇంకొకటుంది. అది నిజంగా మైనారిటీ సంస్థ అయితే పాప ఎస్సీ సర్టిఫికెట్‌కి అక్కడ సీటు దగ్గర విలువే లేదు. ప్రైవేటు కాలేజీల్లో కూడా ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు పెట్టే వీలు కల్పిస్తూ 15వ అధికరణంలో ఐదో క్లాజు చేర్చినప్పుడే మైనారిటీ సంస్థల్ని అందులోంచి మినహాయించారు. మన ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా మన రాష్ట్రంలో కన్వీనర్ కోటాలో (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో వచ్చిన సీట్లలో) చేరినవాళ్ళని చూసుకునే పథకం. పక్క రాష్ట్రం డీమ్డ్ యూనివర్సిటీకి అది రాదనుకునే మూడేళ్ళ ఖర్చు లెక్క వేసుకోండి. ఒంగోలు సాంఘిక సంక్షేమ శాఖ ఆఫీసులో ఒకసారి అడిగి, వస్తుందంటే సంతోషించండి, అంతేగాని వస్తుందని ముందే అప్పు చెయ్యొద్దు. ఈ ఏడాది పొగాకు రేటు చూసుకుని వచ్చే రెండేళ్ళ ఫీజుకి మాటిచ్చే పని అసలే పెట్టుకోవద్దు, వేలం ఫ్లోర్ దగ్గర ఒక సంవత్సరం ఉన్న రేటు ఇంకో సంవత్సరం ఉండదని మీకు నేను చెప్పాలా.

సరే, చట్టం పక్కన పెట్టి బాప్తిస్మం మాట మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది అదే. మీ వైపు సంఘాలు ఎక్కువగా బాప్టిస్టులవి. వాళ్ళలో పసిపిల్లలకి ఇవ్వరు, మనిషికి ఊహ వచ్చి, నమ్మి, తనే అడిగితేనే నీళ్ళలో ముంచుతారు. పాపకి ఇంతవరకు కాలేదంటే అది ఎవరో మర్చిపోయిన పని కాదు, తను ఇంకా అడగలేదన్న మాట. ఒంగోలులో పనిచేసిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర పేరు మీ పెద్దల నోట వినే ఉంటారు. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువొచ్చినప్పుడు ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కూలీ సాయమూ నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు, ఎంతమంది వచ్చి అడిగినా ఇవ్వలేదు. తిండి కోసం వచ్చి ముంచమన్నారని రేపు ఎవరూ అనకూడదని ఆయన పట్టుదల. కరువు సాయం ఆగిపోయాకే మొదలుపెట్టాడు, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి ఇచ్చారు. కూటి కోసం వద్దన్న సంఘంలో సీటు కోసం ఇవ్వమని పాస్టర్‌గారిని అడిగితే ఆయన్ని కూడా ఇరకాటంలో పెట్టినట్టే. మంచి పాస్టరైతే వద్దంటాడు, మొహమాటపడితే ఇస్తాడు, రెండిట్లో ఏది జరిగినా మీకూ ఆయనకీ మధ్య మునుపటి మాట ఉండదు.

పాపనే కూర్చోబెట్టి అడగండి, వాళ్ళమ్మ ఎదురుగా కాదు, విడిగా. సీటు సంగతి లేకపోతే ఈ ఏడాది బాప్తిస్మం తీసుకునేదానివా అని. నిజంగా తీసుకోవాలనే ఉంటే ఎవరూ ఆపకూడదు, కానీ అప్పుడు కాగితాలు కూడా దాని ప్రకారమే మారాలి. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్ళు, వాళ్ళ పిల్లలు మన రాష్ట్రంలో బీసీ-సి, అందులో 1 శాతం రిజర్వేషన్ ఉంది, కేంద్రం ఓబీసీ జాబితాలో కూడా ఉన్నారు. చదువుకి, ఆర్థిక సాయాలకి సంబంధించి 1977లో ఇచ్చిన జీవో 341 లాంటివి కూడా కొన్ని ఉన్నాయి. ఎస్సీల 15 శాతంతో పోలిస్తే ఇది చిన్నదే, నేను దాచను. అది తెలిసి, లెక్క చూసుకుని, అయినా నా నమ్మకం నాది అని పాప అంటే ఆ మాటకి నేను దండం పెడతాను. బీఎస్సీ సీటు కోసం, అదీ మూడేళ్ళ సీటు కోసం, జన్మంతా పనికొచ్చే సర్టిఫికెట్‌ని పణంగా పెట్టడం మాత్రం బేరం కూడా కాదు.

అయితే ఆ యూనివర్సిటీ ఆశ వదులుకోవాలా? అక్కర్లేదు. 931 మార్కులున్న పిల్ల ఓపెన్ సీటుకే అప్లై చెయ్యొచ్చు. ఇలాంటి సంస్థలు తమ వాళ్ళకి కొన్ని సీట్లు ఉంచుకున్నా, మిగతావి అందరికీ ఇస్తాయి, క్లాసులో చూస్తే బొట్టు పెట్టుకున్నవాళ్ళూ బుర్ఖా వేసుకున్నవాళ్ళూ కూడా కనిపిస్తారు. దరఖాస్తులో మతం దగ్గర సర్టిఫికెట్‌లో ఉన్నది రాయండి, బాప్తిస్మం తేదీ దగ్గర "వర్తించదు" అని రాయండి, ఖాళీ వదలొద్దు. ఖాళీ గడి ఉంటే తర్వాత ఎవరైనా నింపుతారు, అది ఏజెంటు చేతిలోంచి పోయే ఫారమైతే మరీను. లాగిన్ పాస్‌వర్డ్ ఏజెంటు దగ్గర ఉంటే ఇవాళే మార్పించండి.

వెల్లూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) పేరు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వినని ఇల్లు ఉండదు కదా, అక్కడ ఎంబీబీఎస్‌లో సంఘాలు స్పాన్సర్ చేసే సీట్లు ఉన్నాయి. అలా చేరినవాళ్ళు చదువయ్యాక రెండేళ్ళు ఆ స్పాన్సర్ చెప్పిన ఆసుపత్రిలో పని చెయ్యాలి. అంతటి సంస్థ కూడా నీట్ మాకొద్దని సుప్రీంకోర్టుకి పోతే, 2020లో మైనారిటీ సంస్థలకీ నీట్ తప్పదు అన్నారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సంఘం తరఫున ఇచ్చే సీటు ఊరికే రాదు, దాని వెనక బాండ్ ఏదైనా ఉందేమో మీ పాప కోర్సులో కూడా చూసుకోండి.

ప్రార్థన గురించి. రాజ్యాంగం 28వ అధికరణం మూడో క్లాజు ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలో గానీ ఎయిడ్ తీసుకునే దాంట్లో గానీ ఎవర్నీ వాళ్ళ ఇష్టం లేకుండా మత బోధనకి, ఆరాధనకి కూర్చోబెట్టకూడదు. మైనర్ అయితే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. మీ పాపకి పదిహేడే కాబట్టి ఆ సంతకం మీదే. ఇక్కడే మతలబు ఉంది. దరఖాస్తు చివర చిన్న అక్షరాల్లో "సంస్థ నిర్వహించే ఆరాధన కార్యక్రమాల్లో పాల్గొంటాను" అని ఒక డిక్లరేషన్ ఉంటుంది, మనం చదవకుండా గీసేస్తాం, తర్వాత మీరే ఒప్పుకున్నారుగా అంటారు. అది చదవండి, పాప చేత చదివించండి. చాలా కాలేజీల్లో క్రైస్తవ పిల్లలకి బైబిల్ క్లాసు, మిగతావాళ్ళకి నీతి పాఠాల క్లాసు విడిగా పెడతారు, అలా ఉంటే గొడవే లేదు. చాపెల్‌కి (కాలేజీలో ప్రార్థనకి) అటెండెన్స్ వేస్తారా, రాకపోతే ఏం చేస్తారు, ఆ రెండు ప్రశ్నలు సీనియర్లని అడిగితే ప్రాస్పెక్టస్ కంటే నిజం తెలుస్తుంది. హాస్టల్ టైమింగులు, డ్రెస్, ఫోన్ రూల్స్ మాత్రం వేరే సంగతి, అవి ఏ మతం కాలేజీలో అయినా ఉంటాయి, వాటికి రాజ్యాంగం అడ్డుపడదు.

చివరికి 25 వేలు. ఒరిజినల్స్ ఇవ్వొద్దు. చూపించండి, వాళ్ళు పోల్చి చూసుకుని వెనక్కి ఇవ్వాలి, అట్టే పెట్టుకోకూడదని యూజీసీ, అంటే యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ, 2018లోనే స్పష్టంగా చెప్పింది, డీమ్డ్ యూనివర్సిటీలకీ అది వర్తిస్తుంది. అదే నోటిఫికేషన్‌లో ఫీజు వాపసు లెక్క కూడా ఉంది: అడ్మిషన్ల చివరి తేదీకి కనీసం 15 రోజుల ముందు మానుకుంటే మొత్తం వాపసు (ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ 5 వేలు మించకుండా పట్టుకోవచ్చు), ఆ తర్వాత చివరి తేదీ దాకా 90 శాతం, తేదీ దాటాక 15 రోజుల్లోపు 80, నెల లోపు 50, నెల దాటితే ఏమీ రాదు. కొన్ని సంవత్సరాలు యూజీసీ ఇంకా ఉదారంగా తేదీలు ఇచ్చింది, ఈ ఏడాది సర్క్యులర్ కూడా చూసుకోండి. డబ్బు యూనివర్సిటీ ఖాతాలోకే పోవాలి, ఏజెంటు ఫోన్‌పేకి కాదు. ఏజెంటుకి ఇప్పటికే ఏమైనా ఇచ్చుంటే దానికీ ఈ 25 వేలకీ సంబంధం లేదు, దాన్ని వదిలేసుకున్నట్టే అనుకోండి, దాని కోసం అతని మాట వినాల్సిన పని మాత్రం లేదు.

ఈ లోపల మన రాష్ట్రం డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో కూడా పాప పేరు రిజిస్టర్ చేయించండి. అక్కడ ఎస్సీ సర్టిఫికెట్ పని చేస్తుంది, రీయింబర్స్‌మెంట్‌కీ దారి ఉంటుంది. సైకాలజీ ఒక సబ్జెక్టుగా ఏ కాలేజీల్లో ఉందో పాపనే వెతకమనండి, మనకంటే వాళ్ళకే త్వరగా దొరుకుతుంది. యూనివర్సిటీ డిక్లరేషన్ పేజీ, టీసీలో మతం గడి ఈ రెండూ ఫోటో తీసి పంపితే చూసి చెబుతాను. పేర్లు, నంబర్లు కనపడకుండా వేలు అడ్డం పెట్టి తియ్యండి.